వీపు వైపు నుంచి

నలభై రెండేళ్ళు
నేను చూసింది నీ వీపునే, జెఫన్యా.
జనం నీ నోరు చూశారు,
గడ్డం మీంచి కారే చెమట చూశారు.
డ్రమ్ముల వెనక కూర్చున్నవాడికి
పాట ముందు మెడ నరంలో కనబడుతుంది,
ఆ తర్వాతే చెవికి చేరుతుంది.
పైకి పోబోతుంటే నీ ఎడమ భుజం లేస్తుంది.
అబద్ధం పాడేటప్పుడు,
అంటే రిసెప్షన్లలో, కవరు కోసం,
భుజాలు రెండూ సమంగా ఉంటాయి.

నీ గొంతెక్కడిదని అడిగిన పత్రిక కుర్రాడికి
దేవుడిచ్చాడని చెప్పావు.
బిట్రగుంట లోకోషెడ్డులో డ్యూటీ దిగి
మీ నాయన రాత్రంతా దగ్గేవాడు.
ఆ దగ్గే నీకు జోల.
ఇన్‌స్టిట్యూట్ హాల్లో, చెక్క నేల మీద
బూట్లతో ఆడే దొరసానుల కోసం
మోరిస్ డ్రైవరు గిటారు మీటుతుంటే
బయట కిటికీ ఊచలు పట్టుకొని
అర్థంకాని ఇంగ్లీషును అక్షరం పోకుండా మింగావు.
ఊచల తుప్పు కూడా కొంత మింగుంటావు.

మద్రాసులో తేనె అడిగారు.
నీ దగ్గరున్నది బొగ్గు.
వాయిస్ టెస్టు నుంచి బయటికొచ్చి
టీ ఊదుకుంటూ అన్నావు:
“మస్తానూ, వాళ్ళకి పాట కావాలంట,
పాడేవోడు వద్దంట.”
ఆ రాత్రే రైలెక్కాం, టిక్కెట్లు లేవు.
గూడూరు దాకా తలుపు రేకు మీద నేను దరువేస్తే
నువ్వు మొదటిసారి తెలుగులో అరిచావు.
అరిచావనే అంటున్నా.
అది పాట కావడానికి ఇంకో ఆరేళ్ళు పట్టింది.

వాల్‌పోస్టరు మీద రాక్ అని వేస్తే
చీమకుర్తిలో గ్రానైట్ వ్యాపారమనుకున్నారు.
ఉలవపాడులో మామిడి టెంకలు విసిరారు,
రెండేళ్ళకి అదే ఊరు గంపెడు పళ్ళు పంపింది.
కావలి కాలేజీలో మైకు పోతే
మైకు పోయిందని నీకు తెలీలేదు.

పొగతోట డాక్టరు గొట్టం దించి తెర మీద చూపించాడు:
నీ గొంతు తంతుల మీద బుడిపెలు రెండు, మిరియాలంత.
కోసేస్తే నున్నగా పలుకుతుందన్నాడు.
“నున్నగానా?” అన్నావు.
చెప్పులేసుకొని ఎదురుగా హోటల్లో
ఎర్రకారం ఎక్కువేయించుకొని దోసె తిన్నావు.
నేను ఆ ఏడు స్వర్ణాల చెరువులో దిగి
నీ పేరున ఆరోగ్య రొట్టె పట్టుకున్నా.
నీకు చెప్పలేదు. ఆకలేసి నేనే తిన్నా.
నీ గొంతు అట్టాగే ఉంది,
వణుకు నా చేతుల్లోకొచ్చింది.

మొన్న ఒంగోల్లో మొదటిసారి కుర్చీల్లో కూర్చున్నా.
నా స్టూలు మీద ఇరవై రెండేళ్ళ పిల్లోడు,
గడియారంలా కొట్టాడు, వంక పెట్టడానికేం లేదు.
నీ మొహం చూశా.
కళ్ళు మూసుకుంటావని ఇన్నేళ్ళూ తెలీదు నాకు.
కింది దవడలో పన్ను ఊడిన సందు.
ఎత్తుకున్న చోటల్లా
పాల కోసం ఏడ్చే పసిబిడ్డ మొహం.
దీన్నా నేను వెనకనుంచి కాపలా కాసింది?

మూడో పాటలో పై స్వరం అందలేదు.
అందనిచోట వట్టి ఊపిరొచ్చింది,
నిప్పుల మీద చెంబెడు నీళ్ళు గుమ్మరించినట్టు.
ముందు వరస పిల్లలు ఫోన్లు దించేశారు.

చరణం చివర, ఎప్పటిలాగే వెనక్కి తిరిగి
గడ్డం ఇంతెత్తు ఎగరేశావు, ఆపమని.
పిల్లోడు చూడలేదు,
తలొంచుకొని లెక్కపెట్టుకుంటున్నాడు.

మూడో వరసలో
నేను మడమతో నేలని ఒక్కటి కొట్టి
ఆపాను.